ఇచ్చట గొడవలు బాగుచేయబడును

మామయ్యకు అక్షరం తప్పుగా కనబడితే కాలు ముందుకు పడదు. పులి ఎదురైనా పక్క సందులోంచి తప్పుకుని వెళ్ళగలడేమో గానీ, ఉండాల్సిన చోట దీర్ఘం లేకపోయినా, ఒత్తు ఊడిపోయినా అక్కడే నిలబడిపోతాడు. ముప్పై రెండేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆఫీసు ఆయన్ని రిటైరు చేసి ఇంటికి పంపింది గానీ ఆయన కళ్ళు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఇంట్లో పిల్లలంతా ఆయన్ని దీర్ఘం మామయ్య అంటారు. ఆయనతో ఏ చుట్టరికం లేనివాళ్ళు కూడా అలాగే అంటారు.

ఈ జబ్బు పెళ్ళికి ముందే ఉందని అత్తయ్య సాక్ష్యం చెబుతుంది. పెళ్ళి కుదిరాక ఆవిడ తొలిసారి ఆయనకు ఉత్తరం రాసింది. నాలుగు రోజులు ఆలోచించి, చిత్తు రాసి, సాపు రాసి పోస్టులో వేసింది. వారం తిరక్కుండా అదే ఉత్తరం ఎర్ర సిరా గీతలతో వెనక్కి వచ్చింది. "మీ కోసం ఎదురుచూస్తున్నాను" అని రాయబోయి, తొందరలో "మీ కోపం ఎదురుచూస్తున్నాను" అని రాసిందట. ఆయన 'ప'కు సున్న చుట్టి, పక్కన 'స' వేసి, కింద "మిగతా అంతా సరిగ్గానే ఉంది. నేనూ అంతే" అని రాసి పంపాడు.

"ఆ 'నేనూ అంతే' కోసం చేసుకున్నాను. లేకపోతే ఆ ఎర్ర గీతలు చూసి సంబంధం వద్దనేదాన్నే" అంటుంది అత్తయ్య. "తర్వాత ఆ కోపం కూడా చూపించాననుకో."

ఒకసారి మామయ్యకు విపరీతమైన జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నాడి చూసి, కళ్ళు చూసి, "నొప్పి ఎక్కడండీ?" అని అడిగాడు. మామయ్య మూలుగుతూ వేలు ఎత్తి చూపించాడు. "మీ తల వెనక, గోడ మీద. 'నిశబ్దం' అని రాశారు. శకారానికి ఒత్తు లేదు." చదువుకున్నవాళ్ళు తప్పు రాస్తే ఆయన జ్వరంలో కూడా వదలడు.

రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఆయనకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఇకనైనా తలెత్తి లోకాన్ని చూస్తాడని వాళ్ళ ఆశ. మామయ్య తలెత్తిన మాట నిజమే. తలెత్తి దుకాణాల బోర్డులు చూడడం మొదలుపెట్టాడు. ఆ వారమే అత్తయ్య పుట్టినరోజు వస్తే, కేకు కోస్తుండగా ఫోటో తీయమని కెమెరా చేతికిచ్చారు. ఆ ఫోటో ఇప్పటికీ ఇంట్లో ఉంది. అందులో కేకు ఉంది, కేకు మీద "శుభాకంక్షలు" అన్న మాట అచ్చుగుద్దినట్టు ఉంది, అత్తయ్య చేతులు మాత్రం మణికట్టు దాకానే ఉన్నాయి.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే, ఇంకా దుకాణాలు తెరవకముందే, మామయ్య ఊళ్ళో ఏదో ఒక పేటకు బయల్దేరేవాడు. భుజాన కెమెరా సంచి, చంకలో మడత స్టూలు. అంత పొద్దున్నే ఎందుకని అడిగితే "ఆ వేళ వెలుతురు మెత్తగా ఉంటుంది" అనేవాడు. స్టూలు ఎందుకని అడిగితే "మోకాళ్ళు" అనేవాడు. సంచిలోంచి రంగుల కొట్టు వాసన ఎందుకొస్తోందని అడిగితే "లెన్సులు తుడిచే మందు" అనేవాడు. తిరిగొచ్చాక ఆయన చొక్కా చేతుల మీద ఒకసారి నీలం మరక, ఒకసారి పసుపు మరక ఉండేది. అత్తయ్య ఆ చొక్కా నానబెడుతూ, "ఊళ్ళో గోడలన్నీ ఈయన కోసమే తడిగా ఉంటాయేమో" అని గొణుక్కునేది.

ఇంకో వింత కూడా ఉంది. మామయ్య తల మీద వెంట్రుకలు రెండు చేతుల వేళ్ళతో లెక్కపెట్టొచ్చు. అయినా పదిహేను రోజులకోసారి క్రమం తప్పకుండా క్షవరానికి వెళ్తాడు. అదీ పక్క వీధిలో ఉన్న షాపుకు కాదు, రెండు బస్సులు మారి ఊరి ఆ చివరకు. "అక్కడ ఏం కోస్తాడండీ మీకు?" అని అత్తయ్య అడిగితే, "మంచి పనివాడు, ఉన్నది జాగ్రత్తగా కోస్తాడు" అనేవాడు.

కెమెరాలంటే సరదా ఉన్నవాళ్ళు కొందరు ఆదివారాలు కలిసి వీధులు తిరుగుతారని విని, మేనకోడలు ఒకసారి ఆయన్ని బలవంతాన వాళ్ళతో పంపింది. ఆ బృందానికి పెద్ద, పద్నాలుగు జేబుల జాకెట్టు తొడుక్కునే ఒకాయన. మెట్ల మీద కూర్చున్న ముసలమ్మను, గోడ మీద పడిన నీడను, వాన నీళ్ళలో సైకిలు చక్రాన్ని చూపించి, అందరిచేతా ఫోటోలు తీయించాడు. మామయ్య మాత్రం ఒక ఇస్త్రీ కొట్టు ముందు ఆగిపోయాడు. దాని మీద "ఇచ్చట దుష్టులు ఉతకబడును" అని ఉంది.

"సార్, జీవితాన్ని పట్టుకోండి. ఎదురుగా ఇంత జీవితం పారుతుంటే బోర్డు తీస్తారేంటి?" అన్నాడు జేబులాయన.

"ఇదీ జీవితమేనండీ. ఆయన ఉతికేది దుస్తులు" అన్నాడు మామయ్య.

"ఒక్క మనిషైనా ఉండాలి కదా ఫోటోలో."

"ఉన్నాడండీ. లోపల నిద్రపోతున్నాడు. లేచేసరికి మనం వెళ్ళిపోవాలి."

జేబులాయన మళ్ళీ పిలవలేదు. మామయ్య మళ్ళీ వెళ్ళలేదు. ఎవరి వెలుతురు వాళ్ళకుంది.

ఇక మేనకోడలి సంగతి. ఆమె మామయ్య చెల్లెలి కూతురు, పేట చివర ఉన్న చిన్న లైబ్రరీకి లైబ్రేరియన్. రెండే గదులు. ఒక దాంట్లో పుస్తకాలు, ఇంకో దాంట్లో పొడుగాటి బల్ల, పన్నెండు కుర్చీలు, రోజూ పేపరు చదవడానికి వచ్చి సగం పేపరుకే కునికే నలుగురు పెద్దవాళ్ళు. ఆ నెల పై ఆఫీసు నుంచి ఆమెకు ఒక కాగితం వచ్చింది. చదువరులు బాగా తగ్గిపోయారు కాబట్టి లైబ్రరీని మూసి ఆ గదులను పాత ఫైళ్ళు పెట్టుకోవడానికి వాడుకుంటామని, తుది నిర్ణయానికి ముందు ఆదివారం నాడు తనిఖీ అధికారి వచ్చి చూస్తారని దాని సారాంశం. ఆ ఆదివారం జనం కనబడాలి. కనబడకపోతే పుస్తకాలు ఒక చోటికి, ఆమె ఇంకో చోటికి, కునికే నలుగురూ వీధిలోకి.

పుస్తకాలను చూడమంటే జనం రారని ఆమెకు తెలుసు. అందుకని గోడల నిండా మన ఊరి వీధుల ఫోటోలు పెడదామనుకుంది. నవ్వొచ్చే ఫోటోలైతే ఇంకా మంచిది. అలాంటివి ఎవరి దగ్గర ఉన్నాయో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

"మామయ్యా, నీ ఫోటోలు ఓ పాతిక కావాలి."

"దేనికమ్మా?"

"లైబ్రరీ గోడకి. జనం చూడ్డానికి. రాకపోతే లైబ్రరీ మూసేస్తారు."

"అవి జనం చూసేవి కావమ్మా."

"మరి నువ్వెందుకు తీశావు? ఒక్కడివే కూర్చుని నవ్వుకోడానికా?"

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనెప్పుడైనా నవ్వగా చూశావా?" అన్నాడు.

నిజమే, చూడలేదు. అయినా ఆమెకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు తను రాసిన ప్రతి వాక్యాన్ని ఎర్ర సిరాలో ముంచి తేల్చిన మనిషి, ఇప్పుడు తన ఉద్యోగం మీదికొస్తే పాతిక ఫోటోలు ఇవ్వడానికి ఏడుస్తున్నాడు. మామయ్య బజారుకు వెళ్ళిన సమయం చూసి అత్తయ్య దగ్గరికెళ్ళింది. అత్తయ్య బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టి, "నేనేం చూళ్ళేదు. పొయ్యి మీద గిన్నె ఉంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి అప్పటికి ఇంకా వెలిగించనే లేదు.

బీరువాలో ఆరు ఆల్బములున్నాయి. ఒక్కో ఫోటో కింద తేదీ, వీధి, తప్పు చుట్టూ ఎర్ర సున్న, మూలన ఆకుపచ్చ టిక్కు. మేనకోడలు నేల మీద చతికిలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. టైలరు కొట్టు మీద "ఇచ్చట కలతలు తీసుకొనబడును". సంగీతం మాస్టారి ఇంటి ముందు "పిల్లలకు పాట్లు నేర్పబడును". కళ్ళజోళ్ళ దుకాణం మీద "అన్ని రకముల కాళ్ళజోళ్ళు". రొట్టెల దుకాణం మీద, నోరూరించే పెద్ద అక్షరాల్లో, "తాజా రెట్టలు". అన్నిటికన్నా పైన, గొడుగులు బాగుచేసే ఒక చిన్న కొట్టు మీద "ఇచ్చట గొడవలు బాగుచేయబడును". ఈ ఒక్కదానికే టిక్కు లేదు. టిక్కు పెట్టడం మరిచిపోయాడనుకుంది. ఇరవై నాలుగు ఫోటోలు ఏరి సంచిలో వేసుకుంది. ప్రదర్శనకు పేరు కూడా అక్కడే తట్టింది, నవ్వుల బోర్డులు.

శనివారం పొద్దున, ఫోటోల కింద దుకాణాల చిరునామాలు కూడా రాద్దామని, ఆమె వీధుల్లోకి బయల్దేరింది. ముందు టైలరు కొట్టు. తలెత్తి చూసింది. "ఇచ్చట కొలతలు తీసుకొనబడును" అని శుభ్రంగా ఉంది.

"బోర్డు ఎప్పుడు మార్పించారండీ?" అని అడిగింది.

టైలరు నోట్లో ఉన్న గుండుసూదులు తీసి, "మార్పించడమేంటమ్మా? మా బోర్డు మొదట్నుంచీ ఇలాగే ఉంది" అన్నాడు.

కళ్ళజోళ్ళ దుకాణంలో కాళ్ళు లేవు, కళ్ళే ఉన్నాయి. ఓనరు బయటికొచ్చి, జోడు ముక్కు మీదికి జార్చి, బోర్డును పైనుంచి కిందికి చదువుకుని, "మొదట్నుంచీ ఇంతేనండీ. నేనే దగ్గరుండి రాయించాను. అయితే ఒకటి, మొదట్లో జనం ఎందుకో చెప్పులు కుట్టమని తెచ్చేవాళ్ళు. నాలుగేళ్ళుగా మానేశారు" అన్నాడు. రొట్టెల దుకాణంలో తాజా రొట్టెలే ఉన్నాయి, బోర్డు మీదా, లోపలా. ఇస్త్రీ కొట్టులో దుష్టులు ఎవరూ లేరు. సంగీతం మాస్టారు "మొదట్నుంచీ పాటలే" అని ఒకటి పాడి కూడా వినిపించాడు.

పన్నెండో దుకాణం దగ్గర మేనకోడలికి ముచ్చెమటలు పోశాయి. ఫోటోల్లో ఉన్న తప్పు ఊళ్ళో ఎక్కడా లేదు. అంటే మామయ్య ఇంట్లో కూర్చుని, కంప్యూటరు మీద ఒత్తులు ఊడపీకి, దీర్ఘాలు తగిలించి, దొంగ ఫోటోలు తయారుచేశాడన్నమాట. అందుకే చూపించనన్నాడు. రేపు అధికారి ముందు ఈ ఫోటోలు పెడితే, కొట్లవాళ్ళంతా వచ్చి మా బోర్డు మీద ఈ రాత ఎవరు రాశారని అడిగితే ఏం చెప్పాలి? లైబ్రరీతో పాటు పరువు కూడా గోదాములోకి పోతుంది.

చివరికి గొడుగుల కొట్టు మిగిలింది. మూల తిరిగి చూస్తే, బోర్డు ఫోటోలో ఉన్నట్టే ఉంది. "ఇచ్చట గొడవలు బాగుచేయబడును". ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ కొట్టు ఒక తలుపు వెడల్పు మించదు. లోపల గొడుగులాయన ఒక పెద్ద నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నాడు. ఆయనకు అటొకడు ఇటొకడు, ఇద్దరు మధ్యవయసు మనుషులు గొడుగు గుడ్డ చెరో కొస లాగి పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

"గట్టిగా పట్టుకోండి. ఒకరు వదిలితే రెండోవారికి సూది గుచ్చుకుంటుంది" అన్నాడు గొడుగులాయన. "ఇప్పుడు చెప్పండి. చెత్తబుట్ట ఎవరి గుమ్మం ముందుంది?"

"వాళ్ళ గుమ్మం ముందే" అన్నాడు మొదటివాడు.

"పెట్టింది వాళ్ళు" అన్నాడు రెండోవాడు.

"గుడ్డ వదలకండి. చెత్తబుట్ట రెండు గుమ్మాలకీ మధ్యలో పెడితే?"

ఇద్దరూ గుమ్మం వంక చూశారు. పారిపోదామంటే చేతుల్లో గుడ్డ ఉంది. ఇంకో నాలుగు కుట్లు పడేసరికి మొదటివాడు "సరే" అన్నాడు, ఆరో కుట్టుకు రెండోవాడు కూడా అన్నాడు. గొడుగులాయన దారం కొరికి, గొడుగు విప్పి చూపించాడు. ఇద్దరూ లేచి ఒకే గుమ్మంలోంచి ఒకేసారి బయటపడ్డారు.

మేనకోడలు ఫోటో బయటికి తీసింది. గొడుగులాయన దాన్ని చూసి, "ఓ, ఇది మన ప్రూఫు సారు తీసింది" అన్నాడు.

"ఆయన మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా. అయిదేళ్ళ కింద ఒక ఆదివారం పొద్దున్నే కొట్టుకొస్తే, ఒకాయన స్టూలెక్కి నా బోర్డు పట్టుకుని ఉన్నాడు. దొంగనుకున్నా. బోర్డు ఎత్తుకుపోయేవాడు రంగు డబ్బా, బ్రష్షు ఎందుకు తెచ్చుకుంటాడని ఆగా. ఏం చేస్తున్నారు సార్ అంటే పాపం బ్రష్షు వెనక్కి దాచుకున్నాడు. తప్పు పడిందండీ, మీకు తెలియకుండా దిద్దేసి పోదామని వచ్చానండీ అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నా బోర్డు మీద ఏం రాసుందో. నాకు చదువు రాదు. అప్పటిదాకా జనం నా మొహం చూసి తగువులు చెప్పుకోడానికి వస్తున్నారనుకున్నా."

"అంటే... మిగతా బోర్డులన్నీ?"

"అన్నీ ఆయనే. ముందు ఫోటో, తర్వాత బ్రష్షు. ఎవరూ లేవకముందే."

"కొట్లవాళ్ళెవరికీ తెలీదా?"

"తెలిస్తే ఆయన పని చెడినట్టే కదమ్మా."

మేనకోడలు అక్కడే ఉన్న పీట మీద కూర్చుండిపోయింది. మెత్తటి వెలుతురు, మోకాళ్ళు, లెన్సులు తుడిచే మందు, నీలం మరక, పసుపు మరక, ఆకుపచ్చ టిక్కు, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. తను ఆయన్ని ఏమనుకుందో తల్చుకుని సిగ్గేసింది.

"మరి మీ బోర్డు ఎందుకు వదిలేశాడు?" అని అడిగింది.

"నేనే బతిమాలాను. ఉంచెయ్యండి సార్, గొడుగులు వానొస్తేనే వస్తాయి, గొడవలకి కాలం లేదు అన్నా. అరగంట సేపు బోర్డు చూస్తూ నిలబడ్డాడు. తప్పు వదిలేసి పోవడం నాకు అలవాటు లేదండీ అన్నాడు. ఇంతలో ఒక మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకుంటూ వచ్చి, బోర్డు చదివి, నవ్వి, ఆ నవ్వుతోనే వెళ్ళిపోయారు. సారు బ్రష్షు సంచిలో పెట్టేశాడు. అప్పట్నుంచీ నెలకోసారి వచ్చి కూర్చుంటాడు. బోర్డుకి వీపు పెట్టి కూర్చుంటాడు. చూస్తే చెయ్యి ఊరుకోదట."

మేనకోడలు ఇంటికి వచ్చేసరికి మామయ్య ఖాళీ ఆల్బము ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె ఇరవై నాలుగు ఫోటోలూ బల్ల మీద పెట్టింది.

"ఎవరికైనా చూపించావా?" అన్నాడు మామయ్య.

"లేదు. గొడుగులాయన చెప్పాడు."

మామయ్య దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకున్నాడు. "మొట్టమొదట క్షవరం షాపతనికి ఎదురుగా నిలబడి చెప్పానమ్మా. 'జుట్టు కత్తిరించబడును' బదులు 'జట్టు' అని ఉంది. పెద్ద తెలివైనవాడిలా, లోపల నలుగురు కూర్చుని ఉండగా గట్టిగా చెప్పాను. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే అతను బోర్డు దింపేశాడు. రెండు నెలలు బోర్డు లేకుండానే షాపు నడిపాడు. మన పిల్లలు తప్పు రాస్తే మనం చెవి మెలిపెడతాం, అది వేరు. అతను అన్నం తినేది ఆ బోర్డు కింద."

"అందుకా అక్కడికి క్షవరానికి వెళ్ళేది?"

"ఉన్నది జాగ్రత్తగా కోస్తాడు" అన్నాడు మామయ్య.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "మరకలన్నీ ఉతికినదాన్ని, నాకు తెలీదనుకున్నారా? తెలిసిందని తెలిస్తే ఎక్కడ మానేస్తారోనని ఊరుకున్నా."

మేనకోడలు ఫోటోలు ఒక్కొక్కటే ఆల్బములో వెనక్కి పెట్టేసింది. పెడుతుంటే ఏడుపొచ్చింది. ఈ ఫోటోలు గోడెక్కితే ఊరంతా వచ్చి నవ్వుతుంది, లైబ్రరీ నిలబడుతుంది, క్షవరం షాపతనిలాగే పాతికమంది బోర్డులు దింపుకుంటారు. ఎక్కకపోతే రేపు గోడ ఖాళీ.

"ఇంకా వెలుతురుంది" అన్నాడు మామయ్య, కెమెరా తీస్తూ. "పద."

ఆ సాయంత్రం మామయ్య తన జీవితంలో తొలిసారి మనుషుల ఫోటోలు తీశాడు. ప్రతి కొట్టు ఓనరునూ తన బోర్డు కింద నిలబెట్టాడు. "కొంచెం ఎడమకి జరగండి, దీర్ఘం కనబడట్లేదు." "తల దించండి సార్, ఒత్తు మీ వెనక్కి పోయింది." టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు. ఇస్త్రీ ఆయన తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. క్షవరం షాపతను మామయ్య తలను తుడిచి, ఆయన్ని కూడా పక్కన నిలబడమన్నాడు. మామయ్య వినకపోతే, మేనకోడలు కెమెరా లాక్కుని ఆ ఒక్కటీ తను తీసింది. అందరికీ ఒకటే మాట చెప్పింది, రేపు మీ ఫోటో లైబ్రరీ గోడ మీద ఉంటుంది, ఇంటిల్లిపాదీ రండి అని. చివరికి గొడుగులాయన తన బోర్డు ఉన్నదున్నట్టు పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. "నవ్వితే నవ్వనీయండి, నా కొట్టుకి నవ్వే పెట్టుబడి" అన్నాడు.

ఫోటోలు ప్రింటు వేయించి, తెల్లవారుజామునే లేచి మేకులు కొట్టి, తాళ్ళు కట్టి, చివర్లో మేనకోడలు నీలం పలక మీద తెల్ల రంగుతో తనే ప్రదర్శనకు పేరు రాసి గుమ్మం మీద తగిలించింది. పది గంటలకల్లా రెండు గదులూ కిక్కిరిసిపోయాయి. కొట్లవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, తల్లులు, తోడల్లుళ్ళు. తమ ఫోటో చూసుకున్నవాళ్ళు పక్క ఫోటో చూసి, మళ్ళీ తమ దగ్గరికే వచ్చి, గది చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. పిల్లలు పుస్తకాల గదిలోకి జొరబడి బొమ్మల పుస్తకాలు లాగేశారు. కునికే నలుగురూ ఆ రోజు కునకలేదు, చోటు లేక.

తనిఖీ అధికారి నవ్వడం ఎరగని మనిషి. చేతిలో కాగితాలతో ఒక్కో ఫోటో ముందు ఆగి, గొడుగుల కొట్టు ఫోటో దగ్గర కనుబొమలు ముడిచాడు.

"ఇది తప్పు కదా?" అన్నాడు.

"తప్పేనండీ" అన్నాడు పక్కనే ఉన్న గొడుగులాయన. "మీకేమైనా గొడవుందా?"

అధికారి అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "మా తమ్ముడితో. ఏడేళ్ళుగా మాటల్లేవు" అన్నాడు.

"పాత గొడుగొకటి పట్టుకుని ఇద్దరూ రండి."

ఇంత సంబరంలోనూ మామయ్య మాత్రం లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి, మేనకోడలు రాసిన నీలం పలక వంక చూస్తున్నాడు. మొహంలో రంగులు మారుతున్నాయి. చెయ్యి మెల్లగా సంచిలోకి పోతోంది. అత్తయ్య వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, "పిల్ల సంతోషంగా ఉంది. ఇప్పుడు కాదు" అని లోపలికి లాక్కుపోయింది.

మర్నాడు పొద్దున మేనకోడలు లైబ్రరీ తలుపు తీయబోయి ఆగింది. ఎక్కడో తెలిసిన వాసన. తలెత్తి చూసింది. పలక మీద "మన వీధుల ఛాయాచిత్ర ప్రదర్శన" అని ఉంది. 'ప్రద' పాతగా ఉంది, 'ర్శన' మాత్రం తళతళలాడుతోంది. నిన్న తను ఏం రాసిందో అప్పుడు గుర్తొచ్చింది. శనివారమంతా వీధుల చుట్టూ తిరిగిన చెయ్యి, నిద్రమత్తులో "ప్రదక్షిణ" అని రాసేసింది. ఒక్కరూ చెప్పలేదు. ఊరంతా ఆ మాట కిందనుంచే లోపలికి వచ్చి ప్రదక్షిణలు చేసి వెళ్ళారు. కుర్చీ వేసుకుని ఎక్కి పలక ముట్టుకుంటే వేలికి నీలం రంగు అంటుకుంది.

అంతలో తనిఖీ అధికారి వచ్చాడు. ఒక చేతిలో లైబ్రరీని మూయక్కర్లేదన్న కాగితం, ఇంకో చేతిలో చిరిగిన గొడుగు. నాలుగడుగుల వెనక ఆయన పోలికలతోనే ఇంకొకాయన, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. అధికారి కాగితం ఇచ్చి, వెళ్ళబోతూ, గుమ్మం వంక చూసి ఆగాడు.

"నిన్న ఇక్కడ ప్రదక్షిణ అని ఉన్నట్టుంది కదండీ?"

మేనకోడలు నీలం వేలు వెనక్కి దాచుకుంది.

"లేదండీ" అంది. "మా బోర్డు మొదట్నుంచీ ఇలాగే ఉంది."